వాదర లేని కత్తి

సెకి ఊళ్ళో మా షెడ్డుకి కొలిమి లేదు.
సమ్మెట లేదు. నిప్పురవ్వ ఎరగదు మా గోడ.
కరిగిన జింకు పాలలా అచ్చులోకి జారి
చల్లారాక మూరెడు కత్తై బయటికొస్తుంది,
పుట్టుమొద్దు.

పక్క గదిలో దానికి మెరుపు పూస్తారు.
వాదర వెంట అల దిద్దడం తోమియాసు పని.
అసలు కత్తిలో ఆ అల
నిప్పూ నీళ్ళూ పడిన తగువుకి గుర్తు.
మా కత్తిలో అది
ఇసుక చిమ్మే గొట్టం కింద పదకొండు సెకండ్లు.

నాది పిడి.
ముప్పై ఒక్క ఏళ్ళుగా తాడు చుడుతున్నాను.
పట్టు కాదు, రేయాన్.
కింద టేకుచేప తోలు కాదు,
దాని గరుకుని నేర్చుకున్న ప్లాస్టిక్.
మెలిక మీద మెలిక పడ్డ చోట చిన్న కిటికీ,
అందులోంచి తొంగిచూసే ఇత్తడి తూనీగ.
తూనీగ వెనక్కి ఎగరదట, యోధులకి అందుకే ఇష్టమట.
మా తూనీగలు డజన్ల లెక్కన వస్తాయి,
ఒక్కోటి రెక్క విరిగి.

మా నాన్న సానరాళ్ళ మనిషి.
ఇంటికి అసలు కత్తి వస్తే
నలభై రోజులు మేం గట్టిగా దగ్గేవాళ్ళం కాదు.
మొదటి జీతం నాడు నేను తెచ్చి చూపించినదాన్ని
బొటనవేలితో నిమిరి
"జలుబు చేసినవాడు పాడినట్టుంది" అన్నాడు.
అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

దీనికి కాగితాలక్కర్లేదు, పోలీసు అడగడు.
ఎవర్నీ కొయ్యనని ముందే ఒప్పుకున్న కత్తి.
పళ్ళ డాక్టరు హాల్లో పెట్టుకుంటాడు.
ఎక్కడో ఒకాయన
పెట్టె విప్పితే విలువ పోతుందని
విప్పకుండానే నూట ఆరు దాచాడట.

పోయిన ఫిబ్రవరిలో హిరాగా గారొచ్చారు,
గొడుగు మీది మంచు గుమ్మంలోనే దులిపి.
"నిన్న మా ఆవిడ పోయింది.
గుండెల మీద పొట్టి కత్తి పెట్టాలి, మొన పాదాల వైపు.
ఇంట్లో ఉన్నది ఇదొక్కటే.
పద్దెనిమిదేళ్ళు దుమ్ము తుడిచింది తనే.
దహనశాల వాళ్ళు లోహం వద్దంటున్నారు."
బల్ల మీద పెట్టారు, తప్పు చేసినవాడిలా.
తాడు చివర ముడి చూశాను.
ఎడంచేతి వాటం. నాదే.

వెదురు మేకు తట్టి లాగితే
పాలపన్నులా ఊడొచ్చింది జింకు.
తోమియాసు అన్నం డబ్బా పక్కకి నెట్టి
మాగ్నోలియా చెక్కని అదే వంపుకి చివ్వాడు.
చెక్క మీద గొట్టం పనిచెయ్యదు.
పెన్సిల్ నాలికకి తడిచేసి
అల గీశాడు.
అంత నెమ్మదిగా వాడు ఏదీ చెయ్యగా చూడలేదు నేను.

రేయాన్ కాలితే కంపు.
నాన్న సొరుగులో నీలం పట్టుతాడు దొరికింది,
ముసలిదై బూడిదరంగుకి తిరిగింది, జానెడు తక్కువ.
పద్నాలుగు మెలికలు పడాల్సిన చోట పన్నెండే పడ్డాయి.
తూనీగని తీసేశాను, అదీ లోహమే.
దాని కిటికీలో ఏమీ పెట్టలేదు.

హిరాగా గారు రెండు చేతులా అందుకున్నారు.
"తేలిగ్గా ఉంది" అన్నారు,
మళ్ళీ అన్నారు.
బిల్లులో ఏం రాయాలో తెలీలేదు.
'మరమ్మతు' అని రాశాను.

జింకు ముక్క నా బల్ల మీదే ఉండిపోయింది,
ఎవరూ తిరిగి అడగలేదు.
కవర్ల అంచు కూడా తెగదు దానితో.
నాలుగింటికి కిటికీ ఎండ పడితే మాత్రం
పైకప్పు మీద ఒక అల కదులుతుంది,
ఆ పదకొండు సెకండ్ల అలే.
తోమియాసు తలెత్తడు.
నేను చుట్టడం ఆపి చూస్తాను,
ఎండ జరిగేదాకా.